సబ్బునురగ వీధి నుంచి

తలుపు తియ్యండి దొరసానమ్మా, నేను, హనోరాని.
బట్టల కోసం రాలేదు ఈ పొద్దు.

ముందు ఆ రవిక వదులు చెయ్యండి. సిగ్గెందుకు,
మీ ఇంటి మైలగుడ్డలన్నీ నా చేతుల మీదుగా పోయినవే.
పాలు చేపుకొస్తున్నాయి కదూ.
వాటికెవరూ చెప్పలేదు మరి.
మూడు రోజులు వస్తాయి, పిలవకపోయినా వస్తాయి,
గాలికి ఎక్కడో గుర్రప్పిల్ల సకిలించినా వస్తాయి.
ఇదిగో ఫ్లానెల్ గుడ్డ. బిగించి కడతాను.
గట్టిగా ఊపిరి పీల్చకండి.

పెట్టె చూశాను. క్లెమ్ బాగానే చేశాడు.
ఆ జర్మనీవాడు మాట్లాడడు గానీ చేతిలో జాలి ఉంది.
బిస్కెట్ల పెట్టె చెక్కే,
నలభై మైళ్లకొక చెట్టున్న ఈ డకోటాలో
ఇంకో చెక్క ఎక్కణ్ణుంచి తెస్తాడు,
కాకపోతే అక్షరాలు లోపలివైపుకు తిప్పి మేకులు కొట్టాడు.
మా ఊనాకి చేసినవాడు తిప్పలేదు.
దాని కాళ్ల దగ్గర నల్లరంగులో
"యాభై పౌన్లు. తడి తగలనీయరాదు."
నాకు చదువు రాదు, ఎవరో చదివి వినిపించారు.
తొమ్మిది పౌన్లు కూడా లేదమ్మా అది.
ఆ రోజంతా వాన.

నలుగురిని కన్నాను. మాలకీ ఉన్నాడు,
పొద్దున్నే మిమ్మల్ని లేపే బాకా వాడిదే.
తక్కిన ముగ్గురూ మూడు కోటల్లో ఉండిపోయారు.
రెజిమెంటు కదిలినప్పుడల్లా బండి మీద
తొట్లు లెక్కపెట్టేదాన్ని, ఇస్త్రీపెట్టెలు లెక్కపెట్టేదాన్ని,
అన్నీ సరిగ్గా ఉండేవి,
అయినా మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేదాన్ని.
సార్జెంటు తిట్టేవాడు.

పూలు వద్దు. రాళ్లు పెట్టించండి, ఏటి రాళ్లు, పెద్దవి.
తోడేళ్ల సంగతి ఇంతకంటే చెప్పను.

ఒకటి చెప్పాలా వద్దా అనుకుంటూనే వచ్చాను.
పోయిన వేసవిలో మనవాళ్లు ఏరు దాటి వెళ్లారు చూడండి,
తిరిగొచ్చాక ఒక కుర్రాడి కోటు ఉతకడానికి వేశారు.
జేబులో చెప్పులు. పూసలు కుట్టిన తోలు చెప్పులు,
నా అరచేతిలో రెండూ పట్టి ఇంకా చోటు మిగిలింది.
అడుగున ఒక్క గీత లేదు, మట్టి లేదు.
అడిగితే, లకోటావాళ్లు చెట్టుకొమ్మ మీద పెట్టిన
చిన్న మూటలోంచి తీశానన్నాడు. చెల్లెలికి పంపుతాడట.
కోటు ఉతికాను. చెప్పులు ఇవ్వలేదు.
ఆదివారం ఏరు దాటి ఆ చెట్టు దాకా వెళ్లాను,
కొమ్మ అందలేదు నాకు. ఎగిరినా అందలేదు.
మొదట్లో పెట్టి వచ్చేశాను.
ఆమెకి గుడ్డ ఎవరు కట్టారో, కట్టారో లేదో.

బిగువుగా ఉందా? ఉండనివ్వండి.

దొరకి ఉత్తరం రాస్తారుగా.
డాక్టరు రాసుకున్నాడులెండి తన పుస్తకంలో,
మగశిశువు, పదకొండు రోజులు, జ్వరం అని.
మీరు అది రాయకండి. కళ్లు ఏ రంగో రాయండి,
తుమ్మితే ఎలా ఉండేవాడో రాయండి.
వాణ్ణి చూడనే లేదు కదా ఆయన.
పేరు నాకు చెప్పండి.
ఆంబ్రోసా? ఆంబ్రోస్.
సరే, నోరు తిరుగుతుంది.
వచ్చే చలికాలానికి మీరు ఏ కోటలో ఉంటారో,
నేను ఎక్కడ సబ్బు కాస్తుంటానో,
పిలిచేవాళ్లం ఇద్దరమైనా ఉంటాం.

అదిగో, ఆ మూలనున్న పొత్తిగుడ్డలు.
నాకివ్వకండి.
రేపు నేనే వచ్చి అలవాటుకొద్దీ చెయ్యి చాపినా
ఇవ్వకండి, పెట్టెలో దాచి తాళం వేసుకోండి.
ఊనావి ఆ సాయంత్రమే నానబెట్టేశాను నేను,
రెండు నీళ్లలో జాడించి, ఎండేసి, మడత పెట్టేదాకా
ఏం చేస్తున్నానో తెలియలేదు.
మంచి సబ్బు అది. చాలా మంచి సబ్బు.
ఏ వాసనా మిగలలేదు.